కారు ఆగితే ఇల్లు ఆగిపోదండీ

తాగి కారు నడిపి దొరికిపోయినందుకు మావారి లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ చేశారు. ఇంట్లో ఒకటే గోల. "అత్తిలి నుంచి తణుకు ఎలా వెళ్తావురా అబ్బాయీ?" అని అత్తయ్యగారి బెంగ. పెళ్లయిన దగ్గర్నుంచీ నేనెలా వెళ్లొస్తున్నానో ఒక్కరూ అడగలేదు!

చుట్టాల సలహా ఇంకా ఘోరం. "పిల్లాడు ఇంటర్‌కి వచ్చాడుగా, వాడు నడుపుతాడులే" అంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చదివారా? మైనరుకి బండి ఇచ్చి వాడు ఏదైనా చేస్తే పెద్దవాళ్లకి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. వాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. తండ్రి చేసిన తప్పుకి కొడుకుని బలిపెట్టాలా?

అందుకే కారు తాళాలు బియ్యం డబ్బాలో దాచేశాను. ఊళ్లో రైల్వే స్టేషనుంది, బస్సులున్నాయి, ఆటోలున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో మా ఆడవాళ్లకి ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్టు. ఆయన డబ్బులిచ్చి కొనుక్కుంటారు. బస్సు కోసం నిలబడితే కాళ్లు లాగుతున్నాయట. లాగనివ్వండి. ఆ రాత్రి ఎదురుగా ఎవరి బిడ్డయినా వచ్చుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆయన మీద జాలిపడేవాళ్లు దయచేసి మా ఇంటికి రాకండి.