సదస్సు కరపత్రంలో రాయని మాటలు

సదస్సుకు పత్రాలు పంపమని పిలిచే ప్రకటన రెండు పనులు చేయాలి. రావలసిన ప్రతిపాదనను రప్పించాలి, రాకూడనిదాన్ని గడప దాటకముందే ఆపాలి. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో, విశ్వవిద్యాలయ శాఖల్లో జరిగే సదస్సుల కరపత్రాలు చాలావరకు మొదటి పనిని అరకొరగా చేస్తాయి, రెండోదాని జోలికే పోవు. మూడు మడతల రంగు కాగితం. ఒక మడత నిండా ముఖ్య అతిథులు, గౌరవ అతిథులు, వారి ఫొటోలు. ఇంకో మడతలో కళాశాల చరిత్ర, రైల్వే స్టేషన్ నుంచి దూరం. మూడోదానిలో పాతికో ముప్పయ్యో ఉప అంశాలు, వాటి కింద ‘ఇవే కాక సదస్సుకు సంబంధించిన ఏ అంశంపైనైనా పత్రాలు పంపవచ్చు’ అనే వాక్యం. ఆ ఒక్క వాక్యంతో పైనున్న ముప్పయ్యీ కొట్టుకుపోతాయి. పత్రం ఎలా ఉండాలో చెప్పడానికి మిగిలేది నాలుగు వరుసలు. అందులో మూడు అక్షరాల సైజుకూ ఫీజుకూ పోతాయి.

దీనికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. 2010 యూజీసీ నిబంధనలు అధ్యాపకుల పనికి పాయింట్లు కట్టాయి. అంతర్జాతీయ సదస్సులో పత్రం చదివితే 10, జాతీయ సదస్సులో 7.5, రాష్ట్ర స్థాయిలో 5, స్థానికంగా అయితే 3. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు రెండు సదస్సుల్లో పత్రాలు చదివి ఉండాలని 2016 పీహెచ్‌డీ నిబంధనలు అన్నాయి. 2022లో వచ్చిన నిబంధనల్లో ఆ షరతు లేదు. షరతు పోయినా అలవాటు పోలేదు. నిర్వాహకులకు కావలసింది పత్రాల సంఖ్య, వచ్చేవారికి కావలసింది సర్టిఫికెట్. ఇలాంటి బేరంలో స్పష్టమైన నియమం ఎవరికీ అక్కరలేని సరుకు.

నియమావళి రాసేవారు మొదట తేల్చుకోవలసింది వినేవారెవరన్నది. పరిశోధక విద్యార్థులా, బడి పంతుళ్లా, ఊరి సాహిత్యాభిమానులా? ‘అందరూ ఆహ్వానితులే’ అనడం మర్యాదే కావచ్చు, పత్రం రాసేవారికి మాత్రం దానివల్ల పనేమీ జరగదు. శాసనాల మీద రాసేవారు శ్రోతలకు లిపి చదవడం వచ్చని అనుకోవాలా, అక్షరం దగ్గర నుంచి మొదలుపెట్టాలా? ఈ సంగతి కరపత్రంలో ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు.

తరవాతి మాట వ్యవధి. పన్నెండు పుటల పత్రం అడిగి, వేదిక మీద పది నిమిషాలు ఇవ్వడం మన దగ్గర మామూలే. ప్రారంభ సభ గంటన్నర ఆలస్యమైతే ఆ పది కాస్తా ఐదవుతుంది. వక్త మూడో పుటలో ఉండగానే అధ్యక్షుల వారు చీటీ పంపుతారు, వక్త పుటలు గబగబా తిప్పి చివరి పేరా చదివి దిగిపోతారు. అచ్చుకు ఇచ్చే పత్రం వేరు, సభలో చెప్పే మాట వేరు. మాట్లాడే నిమిషాలు ఎన్ని, ప్రశ్నలకు ఎన్ని, తెర మీద బొమ్మలు చూపే ఏర్పాటు ఉందా లేదా అన్నవి ముందే రాసి ఉంటే ప్రతిపాదించేవారు దానికి సరిపడే అంశాన్నే ఎంచుకుంటారు.

అసలు చిక్కంతా పత్రసంగ్రహం దగ్గరే. ‘250 పదాలకు మించని సంగ్రహం పంపగలరు’ అంటారు, ఆ 250 పదాల్లో ఏముండాలో చెప్పరు. దాంతో వచ్చేవి ఎలా ఉంటాయో ఒక ఊహా నమూనాలో చూడవచ్చు. శీర్షిక ‘శ్రీనాథుని కవిత్వం – ఒక పరిశీలన’. మొదటి వాక్యం శ్రీనాథుడు తెలుగు సాహిత్యంలో ధ్రువతార అంటుంది. రెండోది ఆయన అనేక కావ్యాలు రాశారంటుంది. చివరిది ఆ విశేషాలను సవివరంగా చర్చించడమే ఈ పత్రం ఉద్దేశమంటుంది. కవి పేరు మార్చి పోతన అని పెట్టినా సంగ్రహం చెక్కుచెదరదు.

కరపత్రం అడగవలసినవి అడిగి ఉంటే అదే వ్యక్తి ఇంకోలా రాసేవారు. మీరు వేసుకున్న ప్రశ్న ఏమిటి? దేన్ని ఆధారంగా తీసుకున్నారు? ఇప్పటిదాకా తేలిందేమిటి? ‘కాశీఖండం గుణనిధి కథలో జూదం మాటలు, నేటి పల్నాటి వాడుక’ అన్న శీర్షిక చూడగానే పత్రంలో ఏముంటుందో తెలుస్తుంది, ఏముండదో కూడా తెలుస్తుంది. కావ్యంలోంచి ఏరిన మాటలు ఎన్ని, వాటిలో ఇప్పటికీ వినిపించేవి ఎన్ని, ఎవరి నోట విన్నారు అని మూడు వాక్యాలు రాస్తే సంగ్రహం పూర్తవుతుంది. ఇలాంటి మంచి సంగ్రహాన్నీ, వెనక్కి పంపిన సంగ్రహాన్నీ పేర్లు తీసేసి పక్కపక్కన అచ్చు వేస్తే రెండు పుటల నియమాలు చేయలేని పని అది చేస్తుంది. ముఖ్య అతిథి ఫొటో ఒకటి తగ్గిస్తే చోటూ దొరుకుతుంది.

ఎంపిక ఎవరు చేస్తారు, దేన్ని చూసి చేస్తారు అన్నది దాచవలసిన రహస్యం కాదు. పేర్లు చూడకుండా పరిశీలించే పద్ధతికి బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ ఈయూ సాఫ్ట్‌వేర్ సదస్సు ఒక ఉదాహరణ. 2012లో దాని నిర్వాహకులు ప్రతిపాదనలు పంపమని మహిళలను ముందుగా పనిగట్టుకుని ప్రోత్సహించారు, ఆ తరవాత అందరి పేర్లూ తొలగించి ఎంపిక చేశారు. వక్తల్లో నాలుగో వంతు మహిళలు వచ్చారు. పేర్లు దాచడం ఒక్కటే అయితే ఇంత పని జరిగేది కాదేమో, పిలవడమూ కలిసింది. ఫలానా వారి శిష్యుడు, ఫలానా శాఖాధ్యక్షుల సిఫారసు అన్న లెక్కలు నడిచే చోట ఈ పద్ధతి మరీ అవసరం.

పరిశీలనే లేకపోతే ఏమవుతుందో 2005లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు చూపించారు. అర్థంలేని వాక్యాలను పత్రంలా పేర్చే ప్రోగ్రామ్ ఒకటి రాసి, దానితో తయారైన పత్రాన్ని ఓర్లాండోలో జరగబోయే ఒక సదస్సుకు పంపారు. దాన్ని ‘సమీక్షించని పత్రం’ కింద ఒప్పేసుకున్నారు. సంగతి బయటపడ్డాక ఆ అంగీకారాన్ని వెనక్కి తీసుకున్నారు.

మన దేశంలో దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. 1914లో కలకత్తాలో 35 పత్రాలతో మొదలైన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ 2019 జనవరిలో జలంధర్‌లో జరిగింది. అక్కడ ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక ఉపకులపతి, కౌరవులు పరీక్షనాళికల్లో పుట్టారన్నట్టు పిల్లల ముందు ప్రసంగించారు. దేశమంతా విమర్శలు రేగాయి. ఇకపై వక్తల నుంచి ప్రసంగ సారాంశం ముందే తెప్పించుకుంటామని నిర్వాహక సంఘం ప్రకటించింది. అంత పెద్ద సభకు ఆ మాట అప్పుడు తట్టిందంటే, ఆహ్వానిత వక్తలకు నియమాలు వర్తించవన్న మర్యాద ఎంత బలమైనదో తెలుస్తుంది. కీలకోపన్యాసకుణ్ని కూడా ఒక పేరా రాసిమ్మని అడగడం తప్పేమీ కాదు.

మిగిలినవి చిన్న సంగతులే, గొడవలన్నీ మాత్రం వాటి దగ్గరే. ‘అను ఫాంట్స్, పేజ్‌మేకర్’ అని రాసే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే శ్రీనాథుడు కాస్తా గజిబిజి గుర్తులుగా మారిపోతాడు. యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైల్, చూసుకోవడానికి పీడీఎఫ్ అని అడిగితే సరిపోతుంది. ఫీజు ఎంత, అందులో భోజనమూ బసా ఉన్నాయా, దారి ఖర్చు ఇస్తారా, పత్రాల సంపుటానికి విడిగా డబ్బు కట్టాలా అన్నవి అంకెల్లో రాయాలి. సహరచయిత ఉంటే ఫీజు ఒకటా రెండా అన్నది కూడా ఉండాలి. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఎక్కువగా పేచీ పెట్టేది ఈ ప్రశ్నే.

గడువు మీద నమ్మకం పోగొట్టింది నిర్వాహకులే. ‘గడువు పొడిగించడమైనది’ అన్న రెండో ప్రకటన వస్తుందని అందరికీ తెలుసు, కొందరు దానికోసమే కాచుకుని ఉంటారు. మొదటి తేదీకే రాత్రంతా కూర్చుని పంపినవారు తెల్లమొహం వేస్తారు. పొడిగింపు తప్పదనుకుంటే, ముందే పంపినవారికీ సంగ్రహం సవరించుకునే వీలివ్వాలి.

జవాబు ఏ తేదీన వస్తుందో కూడా కరపత్రంలో ఉండాలి. ఎంపికైనవారికి రోజు, వేళ, గది చెప్పాలి. కానివారికి ఎందుకు కాలేదో ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి: ‘ఇదే అంశంపై ఇంకో పత్రం ఉంది’, ‘ఆధారాలేమిటో తెలియలేదు’, ‘పది నిమిషాల్లో చెప్పగలిగింది కాదు’. ఇప్పుడు చాలామందికి ఆ ఉత్తరమే రావడం లేదు. మూడు వారాలు చూసి, కన్వీనర్‌కు ఫోన్ చేసి, ‘మీది ఉందండీ, వచ్చేయండి’ అనిపించుకుని బస్సెక్కుతున్నారు.