నర్సరీ పిల్లల చేత అంకెలు రాయించడం ఆపాలి
కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ తల్లిదండ్రులకు, బడుల యాజమాన్యాలకు

మళ్లీ అడ్మిషన్ల కాలం వచ్చింది. 2025 జూలైలో హైదరాబాద్‌లోని ఒక బడి నర్సరీకి ఏడాదికి రెండున్నర లక్షలు అడుగుతోందంటూ ఒక ఫీజు కాగితం ఊరందరి ఫోన్లలో తిరిగింది. మన కాలనీల్లో అంత కట్టేవాళ్లు తక్కువే అయినా కోపం మాత్రం అందరికీ వచ్చింది. ఫీజు మీద జరిగిన గొడవలో, ఆ డబ్బు తీసుకుని మూడేళ్ల పిల్లకు లెక్కలు ఎలా చెబుతున్నారన్న ప్రశ్న మునిగిపోయింది. జవాబు మన పిల్లల బ్యాగుల్లోనే ఉంది. గళ్ల నోట్‌బుక్ తెరవండి. నర్సరీలో ఒకటి నుంచి యాభై, ఎల్‌కేజీకి వచ్చేసరికి ఒకటి నుంచి నూరు, పేజీలకు పేజీలు. పెన్సిల్ పట్టడానికి వేళ్లలో ఇంకా పట్టు చాలని వయసులో రోజూ రాత్రి ఏడుస్తూ రాసే హోంవర్కు అది. 2017 ఆగస్టులో ఒక పసిపిల్ల ఏడుస్తూ, చేతులు జోడిస్తూ ఒకటి నుంచి అయిదు అప్పజెప్పే వీడియోను విరాట్ కోహ్లీ లాంటి క్రికెటర్లు పంచుకుంటే దేశమంతా అయ్యో అంది. అలా అన్న ఇళ్లలోనే ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నడుస్తోంది.

అంకె రాయడం వచ్చినంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు. కారెన్ విన్ అనే పరిశోధకురాలు 1990లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. రెండు మూడేళ్ల పిల్లలు సంఖ్యలను వరసగా గడగడా చెప్పేస్తారు, కానీ మూడు బొమ్మలు ఇమ్మంటే గుప్పెడు తీసి చేతిలో పెడతారు. 'ఒకటి' అర్థమైన కొన్ని నెలలకు 'రెండు', మరికొన్ని నెలలకు 'మూడు' తెలుస్తాయి. అంతకుముందే, 1978లో, గెల్‌మన్, గాలిస్టల్ అనే పరిశోధకులు లెక్కపెట్టడంలో ఏముందో విప్పి చెప్పారు. ఒక్కో వస్తువుకు ఒక్కో మాట, మాటల వరస మారకూడదు, చివర పలికిన మాటే మొత్తం ఎన్నో చెబుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నూరు గళ్లు నింపితే రాదు. మీ ఇంట్లో నూరు దాకా రాసే పాపను గిన్నెలోంచి ఏడు చింతపిక్కలు తీసి ఇమ్మని అడిగి చూడండి.

ఆ మూడూ ఎక్కడ వస్తాయో మన అవ్వలకు తెలుసు. ఏడు చేపల కథనే తీసుకోండి. రాజుగారి కొడుకులు ఏడుగురు, తెచ్చిన చేపలు ఏడు. మనిషికొక చేప అని పిల్ల వేళ్లు మడుస్తుంది, అక్కడే జత కుదరడం నేర్చుకుంటుంది. ఒక చేప ఎండలేదు. ఎండినవి ఎన్ని? తీసివేత అన్న పేరు తెలియకుండానే ఆరు అంటుంది. తర్వాత గడ్డిమోపు, ఆవు, పశువుల కాపరి, అవ్వ, పసివాడు, చీమ. ఎవరి తర్వాత ఎవరో ఒక్కటి తప్పినా కథ ఆగిపోతుంది, మధ్యలో వదిలేస్తే పిల్లే దిద్దుతుంది. చెమ్మచెక్కలో చప్పట్లకూ మాటలకూ లెక్క తప్పకూడదు. వామనగుంటల్లో పద్నాలుగు గుంటలు, గుంటకొక గింజ. కదిలే చేతి కింద సంఖ్య కూడా కదులుతుంది. ఇది పాతకాలపు ముచ్చట అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లో మూడు నెలల పాటు తరగతిలో బొమ్మల కథలు చదివి వినిపించిన పిల్లలు, వినని పిల్లల కంటే లెక్కల్లో ముందుకు వెళ్లారని పరిశోధకులు చూపించారు. తెలుగులో గణితం మొదలైందే పద్యంలో. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. పెద్దల గణితానికే పాట పనికొచ్చిన జాతి, పసివాళ్ల దగ్గరికి వచ్చేసరికి పాటను తోసేసి గళ్ల నోట్‌బుక్ పెట్టింది.

ఎందుకు పెట్టింది? నోట్‌బుక్ అయితే తల్లిదండ్రులకు చూపించవచ్చు, కథను చూపించలేరు. నింపిన పేజీ ఫీజుకు రసీదులా పనిచేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల ఊరు. ఆ పోటీ మెట్టు మెట్టు దిగి, ఐఐటీ ఫౌండేషన్ పేరుతో హైస్కూలుకు వచ్చి, అక్కడినుంచి పాలపళ్లు ఊడని పిల్లల దాకా పాకింది. ఇది చదువు కాదు, పసిపిల్లల మీద చేస్తున్న దౌర్జన్యం. 1993లోనే యశ్‌పాల్ కమిటీ చదువు బరువు గురించి హెచ్చరించింది. 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పునాది దశ పాఠ్యప్రణాళిక మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే పెట్టవద్దంది, ఆటతో, పాటతో, కథతో చెప్పమంది. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశ పరీక్షలను నిషేధించింది. ఆరేళ్లలోపు పిల్లలు ఆ చట్టం కిందికి రారని వాదించి, 'మాటామంతీ' అనే పేరుతో అదే పరీక్ష పెట్టే యాజమాన్యాలు సిగ్గుపడాలి.

రాత ఆపితే పిల్లలు ఒకటో తరగతిలో వెనకబడతారంటారు. ఏడు అంటే ఎంతో తెలిసిన పిల్లకు 7 రాయడం నేర్పడానికి ఎంతోకాలం పట్టదు. ఎక్కాలు బట్టీపట్టే పైకొచ్చాం అంటారు, కానీ ఎక్కాలు మూడేళ్లకు మొదలుపెట్టలేదు. రైమ్స్ చెబుతూనే ఉన్నాం అనే మాట మాత్రం గట్టిగా విప్పాలి. టీవీలో ఇంగ్లిష్ రైమ్ పెట్టి నలభై మందిని వరసగా నిలబెడితే చేతిలో వస్తువు లేదు, ప్రశ్న లేదు, అర్థమయ్యే మాట లేదు. 'థర్టీన్', 'థర్టీ' చెవికి ఒకేలా వినపడే వయసులో 'పదమూడు' పదినీ మూడునూ విడదీసి చూపిస్తుంది. ఇంట్లో ఉర్దూ, లంబాడీ మాట్లాడే పిల్లలకు కథ ఆ భాషల్లోనే మొదలు కావాలి.

కాబట్టి ఈ జూన్ నుంచి మన బడుల్లో నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు అంకెలు రాసే హోంవర్కు ఉండకూడదు. రోజూ కథకూ పాటకూ ఆటకూ టైమ్‌టేబుల్‌లో అరగంట కేటాయించాలి, తరగతికి చింతపిక్కలు, గవ్వలు, పుల్లలు కొనాలి. వాటి ఖర్చు ఒక్క నోట్‌బుక్ కట్టకు మించదు. ప్రవేశానికి పిల్లను ఏమీ అడగకూడదు. టీచర్లకు కథ చెప్పడంలో శిక్షణ ఇవ్వాలి, అంగన్‌వాడీ టీచర్లను కూడా ఆ శిక్షణకు పిలవాలి. 1975 నుంచి నడుస్తున్న ఆ కేంద్రాల్లో ఆటపాటల చదువు ఎప్పటినుంచో ఉంది. తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు కౌంటర్ దగ్గర ఒక్క ప్రశ్న వేయాలి: "నర్సరీలో ఏం కథలు చెబుతారు?" జవాబు చెప్పలేని బడికి డబ్బు కట్టకండి.