బుడగలకి స్పాంజి వైద్యం

టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఎక్సెప్షన్ వస్తోందని ఖాళీ క్యాచ్ బ్లాక్ పెట్టేసి "ఎర్రర్ పోయింది సార్" అంటే మనం ఏం చేస్తాం? కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం. అలా ఉతికే మహానుభావులే సాయంత్రం ఇంటికెళ్ళి, ఉప్పునీటి అక్వేరియంలో సన్నటి బుడగలు కనిపించగానే పైపు మూతికి ఓ స్పాంజి ముక్క కట్టేసి చేతులు దులుపుకుంటారు. ఈ రెండిటికీ తేడా ఏవిటో నాకు అర్థం కాదు. ఒక్కటి మాత్రం ఉంది. సర్వర్ పడిపోతే రీస్టార్ట్ చేసుకోవచ్చు, చేపని చెయ్యలేం.

ఈ బుడగల గురించి ఎవర్నడిగినా నాలుగే సలహాలు. స్పాంజి కట్టు, పంపు మార్చు, ఇంకా ఖరీదైన స్కిమ్మర్ కొను, లేదా వదిలెయ్, బుడగలంటే ఆక్సిజనేగా! గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో చూడమని చెప్పేవాడు ఒక్కడూ కనపడడు.

ముందు ఆ ఆక్సిజన్ సంగతి తేలుద్దాం. చేపకి కావలసింది నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. అది ఎక్కువగా నీటి ఉపరితలం కదలడం వల్లా, స్కిమ్మర్ లోపల గాలీ నీరూ కలియడం వల్లా వస్తుంది. తొట్టిలో దుమ్ములా తేలే బుడగలు కలిపేది లెక్కలోకి రాదు. మంచినీటి తొట్టిలో ఈ గొడవ తక్కువ, ఎందుకంటే అక్కడ చిన్న బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై గబగబా పైకి తేలిపోతాయి. ఉప్పు వాటిని కలవనివ్వదు. సన్నగా ఉండిపోయి ప్రవాహంతో పాటు తొట్టంతా తిరుగుతాయి.

పోనీ, బుడగల వల్ల చేపలు చచ్చిపోతాయా? మామూలుగా చావవు. లేనిపోని భయం పెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ బుడగ అనేది లాగ్ ఫైల్లో ఒక లైను. లాగ్ చెరిపేస్తే బగ్ పోతుందా?

గాలి దూరే దారులు ముఖ్యంగా నాలుగు. ఒకటి, పై తొట్టి నుంచి సంప్ లోకి నీళ్ళు ఎత్తునుంచి దబదబా పడటం (సంప్ అంటే ఇంటి ముందు భూమిలో ఉండేది కాదండోయ్, అక్వేరియం కింద అరలో పెట్టే రెండో తొట్టి). రెండు, స్కిమ్మర్. దాని పనే బుడగలు చెయ్యడం. కొత్తదైతే కుదురుకోవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారం రెండు వారాలు పడుతుంది. మూడు, నీటిని పైకి పంపే పంపు ఉన్న గదిలో మట్టం తగ్గి, సుడి తిరిగి గాలి పీల్చడం. నాలుగు, పంపు బయట పెట్టుకున్నవాళ్ళకి, నీళ్ళు పీల్చే వైపు జాయింటు వదులవడం. ఇది దొంగ బగ్. అక్కడ నీరు బయటికి కారదు, గాలే లోపలికి దూరుతుంది. నేలంతా పొడిగా ఉంటుంది, మనం వేరేచోట వెతుకుతుంటాం.

వీటిలో మూడోది చూడండి. మట్టం ఎందుకు తగ్గింది? నీరు ఆవిరైంది. ఉప్పు ఆవిరవదు. సముద్రపు నీటిలో కిలోకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అలాంటి నీళ్ళు నూట్లో పది వంతులు ఆవిరైతే ఆ 35 కాస్తా దాదాపు 39 అవుతుంది. ఆ సంగతి మొదట చెప్పింది బుడగే. మనం దాని నోరు మూసేశాం! పైగా ఆ స్పాంజిలో మేత ముక్కలు ఇరుక్కుని కుళ్ళుతాయి, పంపు మీద బరువు పెరుగుతుంది.

మా ఆఫీసులో ఒకాయన షాపువాడి మాట విని ఒకే శనివారం కొత్త స్కిమ్మర్, కొత్త పంపు, కొత్త ఉప్పు, అన్నీ మార్చేశాడు. బుడగలు పోయాయి. దేనివల్ల పోయాయో ఆయనకి తెలీదు. ఏప్రిల్లో మళ్ళీ వచ్చాయి. పంపు గదిలో నీళ్ళు గీతకి నాలుగు వేళ్ళ కిందకి దిగాయి, అంతే. అక్కడ పోయాల్సింది మినరల్స్ కలపని ఆర్వో నీళ్ళు, ఉప్పు నీళ్ళు కాదు. బకెట్టు నీళ్ళతో పోయేదానికి వేలకి వేలు పోశాడు.

మనకి బైసెక్ట్ చెయ్యడం ఎవరూ నేర్పక్కర్లేదు కదా. స్కిమ్మర్ ఒక్కటే అరగంట ఆపండి. బుడగలు తగ్గకపోతే అది నిర్దోషి. పంపు గదిని గీతదాకా నింపండి. అయితే నింపే ముందు, కరెంటు పోతే పైనుంచి దిగే నీళ్ళకి సంప్ లో చోటుందో లేదో చూసుకోండి, లేకపోతే హాలు తుడుచుకోవాలి :-) అప్పటికీ ఉంటే పీల్చేవైపు జాయింట్లకి వాజలిన్ రాసి చూడండి. ఆ తర్వాత, పైనుంచి దిగే పైపు చివర నీటిలో ఓ అంగుళం మునిగిందో లేదో చూడండి. ఒక్కసారికి ఒక్క మార్పే. కరెంటు తిరిగొచ్చాక కాసేపు బుడగలు రావడం మామూలే. లైటు ఉన్నప్పుడే ఇసుకకీ రాళ్ళకీ అంటుకుని కనిపించే బుడగలు నాచు వదిలే ఆక్సిజన్. వాటికోసం పంపు విప్పకండి.

"ఓ హాబీకి ఇంత రాద్ధాంతమా" అంటారా? క్లౌన్ ఫిష్ లాంటి కొన్నిటిని తొట్లలోనే పెంచి అమ్ముతున్నారు. కానీ షాపుల్లో కనిపించే ఉప్పునీటి చేపల్లో ఎక్కువ భాగం నేటికీ సముద్రంలో పట్టినవే. పగడపు దిబ్బ మీద బతుకుతున్న ప్రాణిని సంచిలో కట్టించి, విమానం ఎక్కించి మన హాల్లోకి తెచ్చుకున్నాం. అది మనకి టికెట్ రైజ్ చెయ్యలేదు. తీరిక లేదు, తెలుసుకునే ఓపిక లేదు అనేవాళ్ళు స్క్రీన్ సేవర్ పెట్టుకుంటే సరిపోతుంది, అందులో చేపలు ఎంచక్కా ఈదుతాయి.

మిగతావాళ్ళు ముందా స్పాంజి పీకెయ్యండి.