కోసేటప్పుడు కనపడని తప్పు ఇచ్చేటప్పుడెట్లా కనపడింది?

మా పేటలో ఒక కూలీ చనిపోయి ఎనిమిది నెలలు దాటింది. మిరపకోతలకు పోయి, యార్డులో బస్తాలు మోసి బతికిన మనిషి. యాభై ఏళ్ళు నిండకుండానే గుండె ఆగి పోయాడు. ఆయన భార్య పేరు మేము ఇక్కడ రాయడం లేదు. ఇప్పటికే ఆఫీసులన్నీ కలిసి ఆ పేరును చాలినంత నలిపినయ్.

దినాలైనాక ఆమె పాస్‌బుక్కు తెచ్చి, "అన్నా, ఇందులో ఏమన్నా మిగిలిందా చూడు" అన్నది. మిగిలింది నూటా చిల్లర. కానీ ఏటేటా మే నెలాఖర్లో ఒక కోత కనపడింది. మొదట్లో 330 రూపాయలు, 2022 నుంచి 436. పక్కనే ఇంకో చిన్న కోత, ముందు 12, తర్వాత 20. చిన్నది ప్రమాద బీమా. పెద్దది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. 2015 మే 9న దేశమంతా డప్పు కొట్టి మొదలుపెట్టిన పథకం. చేరిన మొదటి నెల గడిచాక మనిషి ఏ కారణంతో పోయినా ఇంటివాళ్ళకు 2 లక్షలు రావాలి. ఆ సంగతి బతికున్నన్నాళ్ళూ ఆయనకు తెలియదు. ఎవరో వేలిముద్ర వెయ్యమంటే వేశాడు, అంతే.

తప్పు మాదీ ఉంది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మేము పక్కింటి పాస్‌బుక్కు ఒక్కనాడూ తెరిచి చూడలేదు.

క్లెయిము ఫారం, మరణ ధృవపత్రం, ఆధారు పట్టుకొని బ్యాంకుకు పోయినాం. తీసుకున్నారు. రసీదు ఇవ్వలేదు. నెల తర్వాత పోతే, "మా చేతిలో ఏముంది, కంపెనీనడగండి" అన్నారు. కంపెనీ ఎక్కడుంది? టోల్ ఫ్రీ నంబర్లో ఉంది!

ఆ నంబరుకు ఫోను చేసిన వాళ్ళకే తెలుస్తుంది ఆ నరకం. ముందు హిందీ, తర్వాత ఇంగ్లీషు. తెలుగు కావాలంటే ఆఖర్న ఏదో అంకె నొక్కాలి. నొక్కితే పాలసీ నంబరు చెప్పమంటది. ఆమెకు పాలసీ కాగితం ఎవరిచ్చారు గనక! ఈ పథకంలో అసలు పాలసీ బ్యాంకు పేరు మీద ఉంటది. ఖాతాదారులందరూ ఆ ఒక్కదాని కిందే. ఇవ్వని నంబరు చెప్పమంటాడు, చెప్పకపోతే పాట పెడతాడు. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, దయచేసి లైన్లో ఉండండి" అని మధ్య మధ్యలో ఒక తీపి గొంతు. డిగ్రీ చదివిన మేమే రెండు గంటలు కుస్తీ పడితే ఒక మనిషి పలికాడు. పలికి, "బ్యాంకులో అడగండి" అన్నాడు. మూడోనాడు సెల్లుకు ఇంగ్లీషులో ఒక మెసేజి. మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని చుక్కలు ఇస్తారు అని! నాలుగు రోజుల కూలి పోగొట్టుకున్న ఆడమనిషిని చుక్కలడుగుతున్నారు.

మన తాతల కాలంలో దొర ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకొని నిలబడేవాళ్ళు. "అవతల నిలబడు" అనేవాడు జీతగాడు. దొర బయటకు వచ్చేదాకా ఎండలో నిలబడాలి. ఇప్పుడు గేటు పోయింది, ఫోనొచ్చింది. "లైన్లో ఉండండి" అంటే "అవతల నిలబడు" అనే. కాకపోతే మర్యాదగా అంటున్నారు.

"అన్ని కులాల వాళ్ళకూ ఇదే గతి గదా, దీన్లోకి కులాన్నెందుకు తెస్తారు?" అని కొందరు పెద్దమనుషులు మమ్మల్ని అడిగారు. అయ్యా, మీ ఇంట్లో చావైతే మీరు టోల్ ఫ్రీకి ఫోను చేశారా? మీ బావమరిదో, వియ్యంకుడో బ్యాంకులోనే ఉంటాడు. మేనేజరే మీ ఇంటికొచ్చి పరామర్శించి, సంతకాలు పెట్టించుకొని పోతాడు. యంత్రంతో మాట్లాడాల్సిన ఖర్మ లోపల తనవాడు లేనోడికే.

ఇక నాయకుల సంగతి. ఏప్రిల్ 14న మా ప్రజాప్రతినిధి పేటకొచ్చాడు. బాబాసాహెబ్ విగ్రహానికి నిలువెత్తు దండేశాడు. ఒక ఇంట్లో కూర్చొని నాలుగు ముద్దలు తిన్నాడు, ఫోటోలు తీయించుకున్నాడు. పేదలకు 2 లక్షల బీమా ఇచ్చిన ప్రభుత్వం మాదేనని మైకులో చెప్పాడు. ఆ మైకు ముందుకే పోయి ఆమె అర్జీ ఇచ్చింది. చదవకుండానే పక్కనున్నవాడికిచ్చి, "చూడవయ్యా" అన్నాడు. ఆ అర్జీ ఎటుపోయిందో ఇప్పటికీ జాడలేదు. ప్రతిపక్షమాయన ఇంకా రెండాకులు ఎక్కువ చదివాడు. కెమెరాల ముందు బ్యాంకును తిట్టి, 24 గంటల్లో డబ్బు పడకపోతే తాళం వేస్తానని శపథం చేశాడు. ఆ 24 గంటలు అయిపోయి నెలలైంది. తాళం ఆయన నోటికే పడింది.

2024 ఎన్నికల్లో వీళ్ళందరి గొంతులూ మన సెల్లుల్లోకి వచ్చినయ్. "నమస్కారం, నేను మీ..." అని పొద్దున్నే. మనం "అయ్యా, మా ఊళ్ళో నీళ్ళు..." అనబోతే అది రికార్డు! కంపెనీదీ రికార్డే, నాయకుడిదీ రికార్డే. రెండింటికీ నోరుంది, చెవుల్లేవు.

ఆఖరికి ముప్పైమందిమి బ్యాంకుకు పోయినాం. అరవలేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేసేదాకా కదలం అన్నాం. నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోతామని అందులోనే రాశాం. అప్పుడు సొరుగులోంచి ఫారం బయటపడింది. కంపెనీకి పంపనే లేదు! కారణం ఏంటంటే, నామినీ పేరు ఆధారులో ఒకరకంగా, బ్యాంకులో ఇంకోరకంగా ఉందట. మన పేర్లు మనం రాసుకున్నవా? కరణం ఒకరకంగా రాశాడు, రేషన్ కార్డోడు ఒకరకంగా, ఆధారోడు ఇంకోరకంగా. ఏటా 436 కోసేటప్పుడు ఆ తప్పు ఒక్కసారన్నా అడ్డమొచ్చిందా? మరి ఇచ్చేటప్పుడెందుకొచ్చింది?

ఫారం ఇప్పుడు కంపెనీకి పోయింది. డబ్బు ఇంకా పడలేదు.

1923లోనే బొంబాయి శాసనమండలి చెరువులు, బావులు అంటరానివాళ్ళకూ తెరవాలని తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ తన చెరువును తెరిచినట్టు ప్రకటించింది కూడా. కానీ దోసెడు నీళ్ళు తాగాలంటే 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకొని నడవాల్సి వచ్చింది. కాగితం మీద తెరిచిన చెరువులు మనకు ఇప్పుడూ చాలానే ఉన్నయ్.

అందుకే సంఘాల వాళ్ళకు చెప్తున్నాం, ఊరూరా పాస్‌బుక్కులు తీయించండి. మే, జూన్ నెలల్లో 436, 20 కోతలుంటే కింద గీత పెట్టండి. ఈ ఏళ్ళలో చావైన ఇళ్ళకు ముందు పొండి. నామినీ పేరు ఆధారుతో కలుస్తుందో లేదో మనిషి బతికుండగానే చూడండి. ముద్రలేని నకలు తీసుకోవద్దు. కంపెనీ కాదంటే, లేదా నెల దాటినా పలకకపోతే, హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఫీజు లేదు. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం కింద మన జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వెయ్యొచ్చు. 5 లక్షల లోపయితే అక్కడా ఫీజు లేదు.

వచ్చే సోమవారం పొద్దున పదింటికి మేము మళ్ళీ ఆ బ్యాంకు ముందుంటాం. ఆమె కూడా వస్తది. ఆ రోజు కూలి పేట చందాలోంచి ఇస్తున్నాం.