గీసిన చేతికి ఎన్ని మార్కులు?

2007లో నింటెండో డీఎస్ కోసం ఫిఫ్త్ సెల్ తయారుచేసిన 'డ్రాన్ టు లైఫ్' ఆట వచ్చినప్పుడు, చాలామంది విమర్శకుల తీర్పు ఒకే తీరుగా ఉంది: బొమ్మలు గీయించే ఆలోచన బాగుంది, దూకుతూ పరుగెత్తే ఆట మాత్రం మామూలే. ఆ తీర్పు తప్పని నేననను. గెంతడం, శత్రువు నెత్తిన కాలు మోపడం, నాణేలు ఏరుకోవడం మారియో పుణ్యమా అని అప్పటికే అందరికీ అలవాటైనవి.

అయినా ఆ ఆటంటే నాకు ప్రాణం. అందులో వీరుణ్ణి మనమే గీయాలి. తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా, చిన్న చిన్న గళ్లలో, స్టైలస్‌తో. మా మేనకోడలు ఒక చేతికి ఊదారంగు, ఇంకో చేతికి పసుపు వేసింది. కళ్లు పెట్టి మూతి మరిచిపోయింది. ఆ మూతిలేనివాడు లేచి పరుగందుకోగానే ఊపిరి బిగబట్టి చూసింది. దారిలో కాలు మోపే పలకలూ గీయమంటుంది ఆట. తను గీసిన పలకమీదికి తన బొమ్మే దూకుతుంటే, పడిపోతాడేమోనని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సమీక్షల్లో గ్రాఫిక్స్‌కు మార్కులు వేస్తారు కదా, తెరమీది బొమ్మ ఆడేవారిదే అయినప్పుడు ఆ మార్కులు ఎవరికి? ఈ సంచికలో మా సమీక్షకులను ఇదే అడిగాం. ఇద్దరు అంకెలు వేయకుండానే రాశారు. నాకు ఆ రెండు సమీక్షలే బాగా నచ్చాయి. వాటి పక్కనే ఆ మూతిలేని వీరుడి బొమ్మ కూడా వేశాం, గీసినమ్మాయి అనుమతితో.