పథ్యం కాగితంలో శెనక్కాయకు చోటేది?



మా ఆయన లారీ డ్రైవరు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. అందుకే షుగర్ మీద పత్రికల్లో వచ్చే ప్రతి వ్యాసమూ కత్తిరించి దాచుకుంటాను. ఆ వ్యాసాల్లోనూ, ఆస్పత్రిలో చేతికిచ్చే పథ్యం కాగితంలోనూ సాయంత్రం చిరుతిండి దగ్గరికి వచ్చేసరికి ఒకే వరస కనిపిస్తుంది: బాదం, అక్రోటు, పిస్తా. షుగర్ ఉన్నవాళ్లు గింజలు తినాలన్న మాటను నేను మనసారా ఒప్పుకుంటాను. మా పొలాల్లో పండే శెనక్కాయ, అంటే వేరుశనగ, పేరు ఆ వరసలో ఎందుకు ఉండదన్నదే నా ప్రశ్న.

మాది కూరెకుప్ప. బళ్లారి జిల్లా సండూరు తాలూకాలో తోరణగల్లు పక్కన ఉంటుంది. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. ఖనిజం లారీలు, షిఫ్టు పనులు. వేళకు అన్నం తినే మగవాణ్ణి మా వీధిలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పొద్దున ఉగ్గాని బజ్జీ, సాయంత్రం మళ్లీ మండక్కి మిర్చి, మధ్యలో టీలో ముంచుకున్న బిస్కెట్లు. ఉగ్గానిలోనూ మండక్కిలోనూ ఉండేవి బొరుగులే. అవి తేలిక కదా, షుగర్ వాళ్లకు మంచివేనని మా అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. తేలికగా ఉన్నది తూకంలోనే. బొరుగులంటే బియ్యమే. 100 గ్రాముల్లో 85 గ్రాములు దాటి పిండిపదార్థమే ఉంటుంది, అదీ పొంగి గుల్లబారింది కాబట్టి చప్పున అరిగి రక్తంలోకి వెళ్తుంది. బిస్కెట్లలో పిండి, చక్కెర కలిపి 100కి సుమారు 70 గ్రాములు ఉంటాయి.

అదే 100 గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో పిండిపదార్థం 16 గ్రాములు, అందులోనూ సగం పీచు. మాంసకృత్తులు 25 గ్రాములు. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం నూనె. ఆ నూనె, మాంసకృత్తులు, పీచు కలిసి కడుపులోంచి తిండి కదలడాన్ని నిదానం చేస్తాయి. తిన్న రెండు గంటల తర్వాత వేలు గుచ్చి చూస్తే అంకె ఎగిరిపోకుండా ఉండడానికి కారణం ఇదే. బాదం చేసే పనీ ఇదే. బాదంలో మాంసకృత్తులు 21 గ్రాములు, అంటే శెనక్కాయ కంటే కొంచెం తక్కువే. పీచు మాత్రం బాదంలో ఎక్కువ.

మూడేళ్ల కిందట ఒక ఆస్పత్రిలో మాకు పథ్యం కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంటే మా అమ్మాయి చదివి చెప్పింది. ఆ సాయంత్రమే పావు కిలో బాదం కొన్నాను. కిలో బాదం ధరకు మా దగ్గర నాలుగైదు కిలోల శెనక్కాయ విత్తనాలు వస్తాయి. డబ్బా పైఅరలో పెట్టి, పిల్లలు అడిగితే నాన్నకని చెప్పి, రోజుకు ఆరు గింజలు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టేదాన్ని. ఆరు గింజలకు లారీ డ్రైవరు ఆకలి తీరుతుందా? రెండో నెలలో బాదం కొనడం మానేశాం. ఆ వేళకు ఆకలి మానలేదు కదా, బాదం ఉన్న చోటికి బిస్కెట్ వచ్చింది. మరుసటిసారి పరీక్షలో రక్తంలో షుగర్ మూడు నెలల సగటు పెరిగి వచ్చింది. పథ్యం పాటించడం లేదా అని డాక్టరు అడిగితే మా ఆయన తల వంచుకున్నాడు. కొనలేని తిండి రాసిన కాగితం మమ్మల్ని ఇలా తప్పు చేసినవాళ్లలా నిలబెడుతుంది.

బాదానికున్న గొప్ప శెనక్కాయకు లేదేమోననే వాళ్ల కోసం చెబుతున్నాను. 2018లో చైనాలో టైప్ 2 షుగర్ ఉన్న ముప్పై చిల్లర మంది మీద ఒక చిన్న అధ్యయనం చేశారు. పిండిపదార్థం తగ్గించిన భోజనంతో పాటు కొందరికి శెనక్కాయలు, కొందరికి బాదం మూడు నెలలు పెట్టారు. పరగడుపు షుగరూ, తిన్న తర్వాతి షుగరూ రెండు గుంపుల్లోనూ తగ్గాయి, ఒకదాని కంటే మరొకటి మేలన్న తేడా కనిపించలేదు. అంతకు ముందు 2011లో కెనడాలోని టొరంటోలో 117 మంది షుగర్ రోగులతో చేసిన పరిశోధన నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. అక్కడ కొందరికి గోధుమపిండితో చేసిన మఫిన్లు ఇచ్చారు, కొందరికి వాటి బదులు రోజుకు 75 గ్రాముల దాకా కలగలుపు గింజలు ఇచ్చారు. ఆ కలగలుపులో శెనక్కాయలూ ఉన్నాయి. గింజలు తిన్నవాళ్లకు మూడు నెలల సగటు 0.2 శాతం దాకా తగ్గింది. చిన్న అంకెలాగే కనిపిస్తుంది, కానీ మందు మార్చకుండా చిరుతిండి ఒక్కటి మార్చి సాధించింది అది. మా ఇంట్లో మఫిన్ ఉండదు, బిస్కెట్ ఉంటుంది. ఆ బిస్కెట్ బదులు ఏమి తినాలన్నదే మా ప్రశ్న.

జీడిపప్పు అంటే భయపడేవాళ్లకూ ఒక మాట. చెన్నైలో 300 మంది షుగర్ రోగులతో చేసిన పరిశోధన 2018లోనే అచ్చయింది. పన్నెండు వారాలు రోజుకు 30 గ్రాముల జీడిపప్పు తిన్నవాళ్లకు బరువు పెరగలేదు, షుగర్ పెరగలేదు, మంచి కొలెస్ట్రాల్ కొద్దిగా పెరిగింది. కొనగలిగినవాళ్లు నిశ్చింతగా తినవచ్చు.

కన్నడంలో శెనక్కాయను ‘బడవర బాదామి’ అంటారు, అంటే బీదల బాదం. ప్రేమగా పెట్టిన పేరే. కానీ ఆ పేరు వల్లే అది రెండో రకం తిండిగా మిగిలిపోయిందని నాకనిపిస్తుంది. బాదం కొనలేనివాడు చివరికి తినేదిగా చూస్తారు తప్ప, దాని సొంత గుణం గురించి మాట్లాడరు. వానల మీద ఆధారపడి ఈ ఎర్రనేలల్లో శెనక్కాయ వేసే రైతు, పండిందంతా నూనె మిల్లుకు తోలి, సాయంత్రం ఇంటికొచ్చి టీలో బిస్కెట్ ముంచుకుంటాడు. నా కళ్లతో చూస్తున్నాను గనుక రాస్తున్నాను.

అయితే మంచిదని చెప్పి చేటలో పోసుకుని తింటే చేటే. 100 గ్రాముల్లో 560 కేలరీల పైన ఉంటాయి. మూసిన గుప్పెడు, అంటే సుమారు 30 గ్రాముల విత్తనాలు, ఒక పూట చిరుతిండికి చాలు. తొక్కుతోనే ఇస్తే ఇంకా మంచిది. దోసిలి కాయలు ఒలుచుకు తినేసరికి పావుగంట పడుతుంది, చెయ్యి దానంతటదే నిదానిస్తుంది. ఉప్పు తగ్గించి ఉడకబెట్టినవి గానీ, నూనె లేకుండా వేయించినవి గానీ తినాలి. శెనగపిండి పూసి నూనెలో దేవిన మసాలా పల్లీలు, బెల్లం పాకం పట్టిన చిక్కీ ఈ లెక్కలోకి రావు. ముడుతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయాలి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం, వేయించినా పూర్తిగా పోదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు వైద్యుణ్ణి అడిగే మొదలుపెట్టాలి. శెనక్కాయ పడని ఒళ్లు ఉన్నవాళ్లు ముట్టనే కూడదు.

ఇక నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి, మరొకరు చేయకుండా. బిస్కెట్లు మాన్పించాక రోజూ ఆయన చొక్కా జేబులో శెనక్కాయల పొట్లం పెట్టేదాన్ని. ఆకలైనా, నీరసమైనా ఇవే తిను అని చెప్పాను. ఒక రాత్రి లోడు కోసం లారీల వరసలో నిలబడి ఉండగా భోజనం ఆలస్యమైంది. వేసుకున్న మాత్ర దాని పని అది చేసుకుపోయింది. చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైంది. నా మాట గుర్తుపెట్టుకుని పొట్లం విప్పి నములుతూ కూర్చున్నాడు. వణుకు తగ్గలేదు, మాట తడబడింది. క్లీనరు కుర్రవాడు చూసి, “అన్నా, ముందు ఇది తాగు” అని టీ కొట్టు నుంచి చక్కెర బాగా కలిపిన నీళ్లు తెచ్చి తాగించాడు. పావుగంటలో తేరుకున్నాడు. స్టీరింగు మీద ఉండగా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

షుగర్‌ను నిదానంగా ఎక్కనిచ్చే గుణమే, షుగర్ పడిపోయిన వేళ శెనక్కాయను పనికిరాకుండా చేస్తుందని నాకు ఆ రాత్రి దాకా తెలియదు. షుగర్ 70 కంటే దిగినప్పుడు మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి, అప్పటికీ ఎక్కకపోతే మళ్లీ తాగాలి. శెనక్కాయల వంతు ఆ తర్వాతే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ, షుగర్‌ను బాగా దింపే మాత్రలు వాడేవాళ్లకూ ఇది ప్రాణం మీది సంగతి. గింజలు మంచివని రాసే ఏ కాగితంలోనూ ఈ హెచ్చరిక నాకు కనబడలేదు. ఇప్పుడాయన ఒక జేబులో శెనక్కాయలు, ఇంకో జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకుంటాడు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. వీళ్లందరికీ బాదం రాసిచ్చి ప్రయోజనం ఏముంది? ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు షుగర్, బీపీ పరీక్షల కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకుంటున్నారు. వాళ్ల చేతికి ఒక చిన్న కాగితం ఇవ్వాలి, అనంతపురం వైపు తెలుగులో, ఇక్కడ తెలుగు, కన్నడం రెండింట్లో. శెనక్కాయ, శేంగా, వేరుశనగ, పల్లీ, ఎవరు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరు అందులో ఉండాలి. గ్రాములు తెలియనివాళ్లకు గుప్పెడు అని రాయాలి. దేని బదులు తినాలో రాయాలి. ఆరోగ్య శిబిరాల్లో రక్తం తీసుకున్నాక టీ, బిస్కెట్ ఇచ్చే అలవాటు కూడా మార్చి, చక్కెర లేని టీతో ఉడకబెట్టిన శెనక్కాయలు పెడితే కాగితం చదవలేనివాళ్లకూ సంగతి తెలుస్తుంది. మీ పత్రికలో వైద్యులు రాసే శీర్షికలో బాదం కంటే ముందు శెనక్కాయ పేరు కనబడాలని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితం వెనక వైపు నేనే తెలుగులో ఒక పట్టీ రాసి వంటింటి తలుపుకు అంటించాను. పక్కింటి ఇద్దరు దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నారు. దాని నకలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. ఎవరైనా వైద్యులకు చూపించి, తప్పులుంటే దిద్దించి అచ్చు వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కూరెకుప్ప, సండూరు తాలూకా, బళ్లారి జిల్లా