ప్రాజెక్టు కొనకండి.. ఒక్క బోర్డు చేసి చూడండి

ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే చాలామంది అమీర్‌పేట బస్సెక్కుతారు. డబ్బు కడితే సర్క్యూటు, రిపోర్టు, పీపీటీ అన్నీ చేతికొస్తాయి. మార్కులూ పడతాయి. ‘ఈ రెసిస్టర్ ఇక్కడెందుకు పెట్టావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం నోరు పెగలదు. ఈసీఈ, ఈఈఈ, డిప్లొమా చదువుతున్న మీకు చెప్పేదొకటే: కోర్సు పూర్తయ్యేలోగా ఒక్క సర్క్యూట్ బోర్డునైనా సొంతంగా తయారుచేయండి.

దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. కందిలోని ఐఐటీలో సీటు అందరికీ రాదు. లేజర్ ప్రింటరు, లామినేషన్ మెషిన్ మాత్రం దాదాపు ప్రతి జిరాక్స్ సెంటర్‌లో ఉంటాయి. రాగి పూత బోర్డు, ఫెర్రిక్ క్లోరైడ్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

కిటుకంతా టోనర్‌లో ఉంది. అది సిరా కాదు, ప్లాస్టిక్ పొడి. వేడికి కరిగి రాగికి అతుక్కుంటుంది. అందుకే ఇంక్‌జెట్ ప్రింటు పనికిరాదు. కైక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ గీసి, నున్నటి మ్యాగజీన్ కాగితంపై అసలు సైజులోనే ప్రింట్ తీయండి. ఐసీ కాళ్ల మధ్య 2.54 మి.మీ. దూరం సరిపోయిందో లేదో ముందే చూసుకోండి. బోర్డును స్క్రబ్బర్‌తో మెరిసేలా తోమి, కాగితం అంటించి, లామినేటర్‌లో పలుమార్లు నడపండి. ఇస్త్రీపెట్టెతోనూ చేయొచ్చు గానీ ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడి గీతలు తెగుతాయి. రోలర్లతో ఆ తంటా తక్కువ. 1.6 మి.మీ. మందం బోర్డు అన్ని మెషిన్లలో పట్టదు, బలవంతంగా తోయొద్దు. 0.8 మి.మీ.ది తీసుకోండి. తర్వాత నీళ్లలో నానబెట్టి కాగితం ఊడదీస్తే టోనర్ గీతలు మిగులుతాయి. ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే గీతల కింది రాగి తప్ప మిగతాదంతా కరిగిపోతుంది.

‘ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే ఇంతకంటే అందమైన బోర్డులు వస్తాయి కదా’ అంటారేమో. నిజమే. కంపెనీలూ టోనర్ పద్ధతి వాడవు. కానీ ఆర్డరిచ్చిన బోర్డులో తప్పుంటే తెలిసేది రోజుల తర్వాత. ఇక్కడ సాయంత్రానికే తెలుస్తుంది, రాత్రికి సరిదిద్దుకోవచ్చు. గీత ఎంత వెడల్పుండాలి, రెండు గీతల మధ్య ఎంత ఖాళీ వదలాలి, తెగిన చోటును మల్టీమీటర్‌తో ఎలా పట్టుకోవాలి.. ఇవి చేస్తేనే వంటబడతాయి. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, భానూరు బీడీఎల్, పటాన్‌చెరు పరిశ్రమలు పక్కనే ఉన్నాయి. బోర్డు చూసి ఎవరూ ఉద్యోగం ఇచ్చేయరు. దాని గురించి తడుముకోకుండా పది నిమిషాలు మాట్లాడగలిగితే మాత్రం పది మందిలో మీరు గుర్తుండిపోతారు.

ఒక్క జాగ్రత్త. గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా రసాయనం ముట్టొద్దు. వాడిన ద్రావణంలో రాగి ఉంటుంది, డ్రైనేజీలో పారబోయొద్దు. పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు ఏమైందో ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాలా? మూతగట్టి ప్లాస్టిక్ డబ్బాలో దాచి మళ్లీ వాడండి, పనికిరాకపోతే కాలేజీ ల్యాబ్‌కు అప్పగించండి.

నలుగురు కలిసి నీళ్ల ట్యాంకు అలారంతో మొదలుపెట్టండి. మొదటి బోర్డు చెడితే పారేయకండి. ఎందుకు చెడిందో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఎక్కువగా పనికొచ్చేది ఆ కాగితమే.